రేణురూపము – పారదర్శక సిరామికముల దార్ఢ్యము

కుమ్మరి పచ్చికుండను ఆవమున పేర్చు నాటికే దాని మంచిచెడ్డలు చాలవఱకు నిర్ణయమై యుండును. మట్టిని తొక్కునపుడు నలగని బెడ్డ యొకటి అందు మిగిలినచో, కుండ కాలిన పిమ్మట పగులు అచ్చటనే పుట్టును. అగ్ని కుండను గట్టిపఱచునే కాని మట్టిలోని దోషమును దిద్దజాలదు. కుమ్మరి తరతరములుగా నెఱిగిన యీ విషయమే, నేటి పదార్థవిజ్ఞానమున మిక్కిలి సూక్ష్మమైన శాఖలలో నొకటియగు పారదర్శక సిరామికముల నిర్మాణమునకును వర్తించుచున్నది. అచ్చట మట్టికి బదులు అతిశుద్ధమగు ఆక్సైడు పొడిని వాడుదురు. ఆవమునకు బదులు గాలి తీసివేసిన కొలిమి యుండును. బెడ్డ స్థానమున కంటికి కానరాని రేణువులును వాని గుంపులును నిలుచును.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యిది. పొడియందలి రేణువు గుండ్రముగ నున్ననేమి, పలకవలె నున్ననేమి, కోణములు తేలి యున్ననేమి? కొలిమిలో కాలిన తరువాత అది రేణువుగా మిగులదుగదా! తన రూపమునే కోలుపోయిన వస్తువు, తయారైన ఫలకముయొక్క బలమును ఎట్లు శాసింపగలదు? దీనికి అనుబంధముగా మఱియొక ప్రశ్న కలదు. ఒక సిరామిక ఫలకము అద్దమువలె పారదర్శకముగ నున్నచో అందు రంధ్రములు లేవని యర్థము. రంధ్రములు లేనిది బలమైనదియే యగునని పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో పరీక్షించుట యీ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము.

పరిభాష

విషయమునకు ముందు పరిభాషను గుఱించి యొక మాట. 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికామండలి మొదలుకొని 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వఱకు, శాస్త్రవిషయములను తెలుగున చెప్పుటకు జరిగిన కృషిలో పరిభాషాసమస్య యెల్లప్పుడును ముందు నిలిచినది. ప్రస్తుత విషయమున వాడుకలోని మాటలే చాలవఱకు సరిపోవుచున్నవి. కాల్చుటకు ముందు పొడిలో విడిగా నుండు తునకను ఇచ్చట ‘రేణువు’ అందును. అనేక రేణువులు ఒండొంటి నంటుకొని యేర్పడిన గుంపును ‘ఉండ’ అందును. పిండి నీటిలో ఉండకట్టినదని యింటింట వినబడు మాటయే యిది. పొడిని అచ్చులో నొత్తియో, పోతపోసియో రూపొందించిన, ఇంకను కాలని వస్తువు ‘పచ్చిముద్ద’. పచ్చికుండ, పచ్చియిటుక అను మాటలలోని ‘పచ్చి’యే యిచ్చటి ‘పచ్చి’. కాలిన పిమ్మట ఫలకమునందు ఒక్కొక్క స్ఫటికముగా నుండు భాగము ‘కణిక’. రేణువును కణికయు ఒకటి కావు. అనేక రేణువులు కలిసి యొక కణిక కావచ్చును. ఈ రెంటిని ఒకే మాటతో పిలుచుటవలన విద్యార్థులు పొడిని గుఱించి చెప్పినదానిని ఫలకమునకును, ఫలకమును గుఱించి చెప్పినదానిని పొడికిని అన్వయించుకొని పొరబడుచుందురు. కావుననే యీ విభాగము నిచ్చట ముందుగా చేయవలసి వచ్చినది.

పారదర్శక సిరామికము

సిరామికము సాధారణముగా తెల్లగా, వెలుగును తనగుండ పోనీయనిదిగా నుండును. పింగాణి గిన్నె యిందుకు ఉదాహరణము. ఆ తెలుపు చాలతఱి పదార్థస్వభావమున పుట్టినది కాదు. అల్యూమినా, అనగా అల్యూమినియం ఆక్సైడు, ఒకే స్ఫటికముగా నున్నపుడు వెలుగును చక్కగా ప్రసరింపనిచ్చును. కెంపు, నీలము అను రత్నములు స్వల్పమాలిన్యములచే రంగు పొందిన అల్యూమినా స్ఫటికములే. అదే పదార్థము పొడినుండి కాల్చి చేసినపుడు తెల్లబడుటకు, అందు మిగిలిన సూక్ష్మరంధ్రములు ముఖ్యకారణము. అల్యూమినాయొక్క వక్రీభవన గుణకము సుమారు 1.76, రంధ్రములోని శూన్యమునకు 1. ఈ వ్యత్యాసముచే వెలుగు ప్రతిరంధ్రమువద్దను చెదరును.

అమెరికాయందు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ కోబుల్ అను శాస్త్రజ్ఞుడు, అల్యూమినా పొడికి మిక్కిలి కొలదిగా మెగ్నీషియాను చేర్చి, దాదాపు రంధ్రరహితముగ కాల్చు విధానమును కనుగొనెను. దానికి 1962లో పేటెంటు లభించినది. వీథులలో పసుపుపచ్చని వెలుగునిచ్చు అధికపీడన సోడియం దీపములలోని లోపలిగొట్టము ఈ పదార్థముతో చేయబడినదే. అయినను అది పాలగాజువలె పారభాసకమే కాని పారదర్శకము కాదు. 1995లో జపానుదేశీయుడగు అకియో ఇకెసుయె, నియోడిమియం కలిసిన యిట్రియం అల్యూమినియం గార్నెట్టు సిరామికమునుండి, ఏకస్ఫటికమునకు తీసిపోని సామర్థ్యముతో లేజరు వెలుగును పుట్టించి చూపెను. 2003లో జర్మనీయందు ఆండ్రియాస్ క్రెల్ బృందమువారు, కణికలు మైక్రానులో సగము పరిమాణము మాత్రమే కల పారదర్శక అల్యూమినాను గుఱించి ప్రకటించిరి. దాని కాఠిన్యము 20 గిగాపాస్కలుల పరిసరమున నున్నది. మన హైదరాబాదు శివారున బాలాపూరులో, చూర్ణలోహశాస్త్రమునకును నూతనపదార్థములకును ఏర్పడిన ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనకేంద్రమునందు, మెగ్నీషియం అల్యూమినేటు స్పినెల్ అను పారదర్శక సిరామికమును గుఱించిన కృషి జరిగినది.

క్షిపణుల ముందుభాగమున నుండు గవాక్షములు, గుండ్లను తట్టుకొనవలసిన కవచపు అద్దములు మొదలగువాని కీ పదార్థములను వాడుదురు. ఇట్టి స్థానములలో వెలుగును పోనిచ్చుట యెంత ముఖ్యమో, విఱుగకుండుటయు నంత ముఖ్యము. కావున ఈ రెండు గుణముల సంబంధమును సరిగా నెఱుగుట అవసరము.

రూపమును, పేర్పును

రూపమును గుఱించి చర్చించుటకు ఒక మానము కావలెను. 1930 తరువాతి సంవత్సరములలో హాకన్ వాడెల్ అను భూవిజ్ఞాని ‘గోళత’ అను మానమును ప్రతిపాదించెను. ఒక రేణువునకు ఎంత ఘనపరిమాణము కలదో అంత ఘనపరిమాణముగల గోళముయొక్క ఉపరితల వైశాల్యమును, ఆ రేణువుయొక్క నిజమైన ఉపరితల వైశాల్యముచే భాగించగా వచ్చునది గోళత. గోళమునకు ఇది 1, ఘనచతురస్రమునకు 0.81. మందమునకు పదిరెట్లు వ్యాసము గల గుండ్రని పలకకు లెక్కించినచో 0.47 వచ్చును. అనగా పలక అంతే పదార్థము గల గోళముకంటె రెండింతలకు మించిన ఉపరితలమును కలిగియుండును.

ఇక పేర్పు. ఒక మానికలో ఆవాలు, వేఱొకదానిలో బియ్యము, మఱియొకదానిలో అటుకులు పోసి తూచినచో, రూపముయొక్క ప్రభావము తెలియును. అటుకులు బియ్యమునుండి పుట్టినవే; గింజలోని పదార్థము మాఱలేదు. అయినను మానెడు అటుకులు మానెడు బియ్యముకంటె ఎంతో తేలిక. పలుచని పలకలు ఒకదానిపై నొకటి యడ్డదిడ్డముగ నిలిచి, నడుమ పెద్ద సందులను విడుచుటయే దీనికి కారణము.

సమానమైన గోళములను క్రమము లేక పోసి కదిపినచో, అవి పాత్రలో సుమారు 64 శాతము స్థలమును నింపును. క్రమముగ పేర్చినచో 74 శాతము వఱకు నింపవచ్చును. పొడవు వెడల్పునకు ఇరువదిరెట్లు గల సన్నని కడ్డీలను క్రమము లేక పోసినచో అవి స్థలములో నాలుగవవంతుకంటె విశేషముగ నింపజాలవు. దీనినిబట్టి గోళరూపమే యుత్తమమని తోచును. కాని 2004లో అమెరికాయందు ప్రకటింపబడిన యొక పరిశోధన యీ యభిప్రాయమును కొంత సవరించినది. కొంచెము నొక్కబడిన గోళములవలె నుండు చాక్లెట్ మిఠాయిబిళ్ళలను క్రమము లేక పోసినపుడు, అవి 68 నుండి 71 శాతము స్థలమును నింపినట్లు తేలినది. గోళమునకు ఏ దిక్కునకు తిరిగినను ఒక్కటే కావున, తిరుగుటవలన దానికి క్రొత్తచోటు దొరకదు. బిళ్ళ తిరిగి సందులో నిఱికికొనగలదు. కావున గోళత కొంచెము తగ్గుట దోషము కాదు. మిక్కిలి తగ్గినపుడే పేర్పు చెడును.

పేర్పు సంకోచమును నిర్ణయించును. పచ్చిముద్దలో 60 శాతము పదార్థమును 40 శాతము సందును ఉన్నవనుకొందము. అది కాలి పూర్తిగా ఘనమగునపుడు ప్రతిదిక్కునను సుమారు 15.7 శాతము కుంచించుకొనవలెను. పదార్థము 55 శాతమే యున్నచో ఆ సంకోచము 18.1 శాతము. ఒకే పచ్చిముద్దలో ఒకచోట 60, ప్రక్కన 55 శాతముగ పేర్పు ఉన్నదనుకొన్నచో, ఆ రెండు ప్రాంతములు కాలుచున్నపుడు 2.4 శాతము తేడాతో కుంచించుకొనజూచును. వేసవిలో ఎండుచున్న చెఱువుమట్టి నెఱ్ఱెలు విచ్చునది యిట్టి అసమాన సంకోచమువలననే. సిరామికమున ఆ నెఱ్ఱె మైక్రానుల కొలతలో నుండి కంటికి కానరాకపోవచ్చును. కాని అది ఫలకమున శాశ్వతముగ మిగిలిపోవును. కావున సగటు పేర్పు ఎంత యున్నదను దానికంటె, అది యంతట నొకేరీతిగ నున్నదా యనునది ముఖ్యతరము. 2006లో క్రెల్, క్లిమ్కె అనువారు పారదర్శక అల్యూమినానుగుఱించి చేసిన పరిశోధనలో, పచ్చిముద్దలో రేణువుల పొరుగు సంబంధము ఎంత సమముగ నున్నచో సింటరణము అంత తక్కువ వేడిమిలో జరుగునని చూపిరి.

అగ్నిలో రూపముయొక్క గతి

సింటరణమనగా, పదార్థము కరగకయే, రేణువులు తాకుచోట్ల అణువులు చలించి, ఒండొంటిలో కలిసిపోయి, నడుమనున్న సందులు మూసికొనుట. అల్యూమినా కరగుటకు సుమారు 2050 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. సింటరణము అంతకు చాల తక్కువలోనే జరుగును. దీనిని నడపు శక్తి రేణువుల ఉపరితలమునందే యున్నది. ఉపరితలము తఱుగుటయే ప్రకృతి కోరునది. ఈ దృష్టితో చూచినచో, ఉపరితలము ఎక్కువగల పలకలు త్వరగా సింటరణము చెందవలెను. కాని అనుభవమున పలకలు సాధారణముగా అట్లు చెందకపోవుటకు కారణమేమి?

దీనికి సమాధానము రంధ్రముయొక్క పొరుగులో నున్నది. 1967లో ఫ్రాంస్వా, కింగరీ అనువారు ఒక సూత్రమును వివరించిరి. ఒక రంధ్రము మూసికొనునా, నిలిచిపోవునా యనునది, దానిచుట్టు ఎన్ని కణికలు ఉన్నవను దానిపై నాధారపడును. చుట్టు కణికలు కొలదిగా నున్నచో రంధ్రము మూసికొనును. కణికల సంఖ్య యొకమేరను మించినచో రంధ్రము కుంచించుకొనుటకు బదులు నిలిచిపోవును, లేదా పెరుగును. గోళప్రాయములగు రేణువుల నడుమ సందులు చిన్నవి, ఒక్కొక్క సందుచుట్టు రేణువులు కొలదిపాటివే. అడ్డముగ నిలిచిన పలకల నడుమ సందు పెద్దది, దానిని చుట్టుకొను రేణువులు అనేకము. చిన్నసందు అగ్నిలో మాయమగును, పెద్దసందు మిగులును. ఈ విధముగ రేణువు తన రూపమును కోలుపోయినను, దాని రూపము పచ్చిముద్దలో విడిచిన సందు ఫలకమున గుఱుతుగా నిలుచును. మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఇచ్చట మఱియొక విశేషము కలదు. అల్యూమినా పొడిని హైడ్రాక్సైడు మొదలగువానినుండి తయారుచేయునపుడు, అది నడుమ కొన్ని అస్థిరరూపములను దాటి, తుదకు ఆల్ఫా యను స్థిరరూపమును పొందును. ఈ తుదిమార్పునందు రేణువులు వానపాములవలె వంకరలు తిరిగి, లోపల సందులతో నల్లుకొనుట కలదు. అట్టి యల్లికను ఎంత యొత్తినను చక్కగా పేర్చుట సాధ్యము కాదు. కావున రూపమును గుఱించిన జాగ్రత్త అచ్చులో నొత్తునపుడు కాక, పొడి పుట్టునపుడే ఆరంభము కావలెను.

ఉండల రూపము

రేణువునకు రూపమున్నట్లే ఉండకును రూపము కలదు. దార్ఢ్యవిషయమున రేణురూపముకంటె ఉండరూపమే యొక్కొక్కచో నెక్కువ ప్రభావము కలది. మైక్రానుకంటె చిన్నవగు రేణువులు అచ్చులోనికి సరిగా ప్రవహింపవు. అందుచే వానిని నీటిలో కలిపి, వేడిగాలిలోనికి చిమ్మి, అనేకరేణువులతో గూడిన చిన్న గుండ్రని ఉండలుగా ఎండబెట్టుదురు. ఈ ఉండల వ్యాసము సామాన్యముగా కొన్ని పదుల మైక్రానులు. గుండ్రనివి కావున అవి జాఱుచు ప్రవహించి అచ్చును సమముగ నింపును. ఇంతవఱకు గోళరూపము మేలు చేసినది.

కాని ఒత్తినపుడు ఆ యుండ నలగవలెను. మిక్కిలి గట్టిగ నున్నచో, అది నలగక గోళముగనే మిగిలి, పొరుగు ఉండల నడుమ త్రికోణాకారపు సందును విడుచును. ఎండునపుడు పైపొర ముందుగ గట్టిపడినచో, ఉండ లోపల బోలుగనో, నడుమ గుంటతోనో తయారగును. ఆ బోలు ఫలకములోనికి వచ్చును. 1983లో లాంజ్, మెట్‌కాఫ్ అనువారు సిరామికములు విఱిగినచోట్లను పరిశీలించి, ఉండలు తమ చుట్టునున్న పొడికంటె భిన్నముగ కుంచించుకొనుటచే పగులువంటి ఖాళీలు ఏర్పడి, అవియే భంగమునకు మూలములగుచున్నవని వివరించిరి. నలగని బెడ్డను గుఱించి కుమ్మరి యెఱిగినది యిదియే.

వెలుగు లెక్కించునది, పగులు వెదకునది

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. పారదర్శకమైనది బలమైనదియే యగునా? దీనిని అంకెలతో పరీక్షింతము.

మొదట వెలుగు. అల్యూమినా ఫలకమున ఘనపరిమాణములో 0.1 శాతము మాత్రమే రంధ్రములున్నవనియు, ఒక్కొక్కదాని వ్యాసము అర మైక్రాను అనియు అనుకొందము. ఈ కొలత కంటికి కనబడు వెలుగుయొక్క తరంగదైర్ఘ్యమునకు సమీపమైనది. పరిక్షేపణ మిచ్చటనే ప్రబలముగ నుండును. రంధ్రముయొక్క పరిక్షేపణ సామర్థ్యమును 2గా గ్రహించి లెక్కించినచో, ఒక మిల్లీమీటరు మందముగల ఫలకముగుండ నేరుగా పోవు వెలుగు 1 శాతముకంటె తక్కువ. రంధ్రములు 0.01 శాతమునకు తగ్గినచో అది సుమారు 55 శాతమగును. ఇచ్చట రెండు తలములవద్ద ప్రతిఫలించిపోవు 14 శాతమును లెక్కలో చేర్చలేదు. దీనినిబట్టి వెలుగు, ఫలకమందలి చిన్న చిన్న రంధ్రముల నన్నిటిని కలిపి లెక్కించునని తెలియుచున్నది.

అవే రంధ్రములు బలమును ఎంత తగ్గించును? రంధ్రములశాతమును బట్టి సిరామికముల దార్ఢ్యము తగ్గు తీరును గుఱించి 1953లో రిష్కెవిచ్, డక్‌వర్త్ అనువారు ఒక సంబంధమును చూపిరి. దానిని బట్టి 0.1 శాతము రంధ్రములవలన దార్ఢ్యము 1 శాతమైనను తగ్గదు. అనగా వెలుగును పూర్తిగా చెదరగొట్టిన రంధ్రములు బలమును తాకనైన తాకవు.

ఇక దీనికి విపర్యయమును చూతము. పెళుసుపదార్థముల భంగమును గుఱించి గ్రిఫిత్ 1921లో ప్రకటించిన సిద్ధాంతము ప్రసిద్ధము. దాని సారమిది: పదార్థము తనయందలి మిక్కిలి అపాయకరమగు దోషమువద్ద విఱుగును; విఱుచుటకు కావలసిన ప్రతిబలము ఆ దోషపరిమాణముయొక్క వర్గమూలమునకు విలోమముగ నుండును. అల్యూమినాయొక్క భంగనిరోధమును, మెగాపాస్కలును మీటరు వర్గమూలముచే గుణించిన ప్రమాణమున, 3.5 అనుకొని, తలముమీద అర్ధవృత్తాకారపు పగులున్నదని గ్రహించి లెక్కింతము. పగులులోతు 25 మైక్రానులైనచో ఫలకము సుమారు 540 మెగాపాస్కలులవద్ద విఱుగును. 100 మైక్రానులైనచో 270 వద్దనే విఱుగును. దోషము నాలుగింతలైన బలము సగమగును. స్పినెల్‌యొక్క భంగనిరోధము దీనిలో సగము పరిసరమున నుండుటచే, అందు ఇదే దోషమునకు బలము మఱింత తక్కువ.

ఈ 100 మైక్రానుల దోషము వెలుగును ఎంత అడ్డగించును? ఒక చదరపు సెంటీమీటరు ఫలకమున అట్టిది యొక్కటే యున్నదనుకొన్నచో, దాని వ్యాసార్ధము 100 మైక్రానులైనను, అది మఱుగుపఱచు వైశాల్యము మొత్తమున పదివేలలో మూడువంతులకు మించి కొంచెము మాత్రమే. వెలుగును కొలుచు సాధనము దీనిని గుర్తింపజాలదు. ఫలకము అద్దమువలె నిర్మలముగ కనబడును. బలము సగమై యుండును.

కావున వెలుగు సమస్తదోషముల మొత్తమును లెక్కించును. పగులు వానిలో మిక్కిలి పెద్దదానిని మాత్రమే వెదకును. పారదర్శకత, చిన్నరంధ్రములు లేవనుటకు నమ్మదగిన సాక్ష్యమే. పెద్దదోషము ఒక్కటియు లేదనుటకు అది సాక్ష్యము కాదు. రేణురూపము ఈ రెంటిని రెండు వేర్వేఱు మార్గములలో శాసించును. రేణువుల పరస్పర పేర్పు చిన్నరంధ్రములను నిర్ణయించి వెలుగునకు సంబంధించును. ఉండల రూపము, వాని నలుగుడు, పెద్దదోషములను నిర్ణయించి బలమునకు సంబంధించును. ఒకదానిని సరిచేసినంతమాత్రమున రెండవది దానంతట సరికాదు.

ఫలకముల పరిమాణము పెరిగినకొలది ఈ తేడా మఱింత ముఖ్యమగును. స్వీడనుదేశీయుడగు వైబుల్ చూపిన గణనమును బట్టి, ఒకే పొడినుండి చేసిన ఫలకములు ఒకే ప్రతిబలమున విఱుగవు. పెద్దవస్తువునందు పెద్దదోష ముండు సంభవము ఎక్కువ కావున, దాని బలము తక్కువ. ఆయన పేర పిలువబడు ఘాతాంకము 10 అయినచో, వేయిరెట్లు ఘనపరిమాణముగల వస్తువు చిన్నదానిలో సగము బలమునే చూపును. అది 20 అయినచో 71 శాతమును చూపును. రేణువులును ఉండలును సమరూపములై యున్నపుడు దోషముల పరిమాణములును దగ్గఱదగ్గఱగా నుండి, ఈ ఘాతాంకము పెరుగుటకు అవకాశ మేర్పడును. ప్రయోగశాలలోని చిన్నబిళ్ళపై కొలిచిన బలమును నమ్మి పెద్దగవాక్షమును నిర్మించువారు దీనిని విస్మరింపరాదు.

పలకల ప్రత్యుదాహరణము

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి పలకరూపము త్యాజ్యమని తోచవచ్చును. కాని అల్యూమినాయందు రంధ్రములు లేకున్నను వెలుగును చెదరగొట్టు మఱియొక కారణము కలదు. ఆ స్ఫటికముయొక్క వక్రీభవన గుణకము దిక్కునుబట్టి సుమారు 0.008 మేరకు మాఱును. పొరుగు కణికలు వేర్వేఱు దిక్కులకు తిరిగియుండుటచే, సరిహద్దులవద్ద వెలుగు కొంచెము కొంచెముగ చెదరును. కోబుల్ దీపపుగొట్టము పాలగాజువలె నుండుటకు, పెద్దకణికలతో గూడిన యీ ద్వివక్రీభవనమే ముఖ్యకారణము. 2003లో అపెట్జ్, వాన్ బ్రుగ్గెన్ అనువారు దీనికి ఒక గణితరూపమును చూపిరి. దానిని బట్టి కణికవ్యాసము అర మైక్రానైనచో ఒక మిల్లీమీటరు ఫలకముగుండ, తలప్రతిఫలనమును మినహాయించి, సుమారు 60 శాతము వెలుగు నేరుగ పోవును. ఒక మైక్రానైనచో 36 శాతము. ఇరువది మైక్రానులైనచో దాదాపు శూన్యము. స్పినెల్, గార్నెట్టు మొదలగువానికి అన్ని దిక్కులను గుణకము ఒక్కటే కావున వాని కీ చిక్కు లేదు.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు రెండు మార్గములు. కణికలను మిక్కిలి చిన్నవిగ నుంచుట మొదటిది. క్రెల్ అనుసరించినది యిదియే. దీనిచే కాఠిన్యమును దార్ఢ్యమును కూడ పెరుగును. కణికల నన్నిటిని ఒకే దిక్కునకు త్రిప్పుట రెండవది. 2008లో చైనా పరిశోధకులు బలమైన అయస్కాంతక్షేత్రమున రేణువులను ఒకే దిక్కునకు త్రిప్పి, అట్టి పారదర్శక అల్యూమినాను తయారుచేసిరి. 2020లో పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలకరూపపు అల్యూమినా పొడినే వేడిలో నొత్తి పారదర్శకఫలకమును సాధించిరి. ఒత్తిడిలో పలకలు, తాళపత్రగ్రంథమునందలి ఆకులవలె, ఒకదానిపై నొకటి పరుండును. వాని స్ఫటికాక్షములు ఒకేదిక్కున నిలుచును. అడ్డదిడ్డముగ నున్నపుడు దోషమైన రూపము, ఒత్తిగిలి పరుండినపుడు గుణమైనది.

అయినను దీనికి మూల్యము కలదు. పలకలనుండి పుట్టిన కణికలు సాధారణముగ పెద్దవి; కణిక పెద్దదైనకొలది కాఠిన్యము తగ్గుట యీ కొలతలలో సామాన్యము. కణికల సరిహద్దులు చాలవఱకు ఒకే తలమున నుండుటచే, పొరలకు అడ్డముగ పోవు పగులునకు మలుపులు ఎక్కువ, పొరలవెంబడి పోవుదానికి తక్కువ. అందుచే ఒకే ఫలకము ఒక దిక్కున నొకరీతిగను, మఱియొక దిక్కున వేఱొకరీతిగను ప్రవర్తింపవచ్చును. గోళప్రాయరేణువులతో చేసిన ఫలకమునకు ఒక్క బలము చెప్పిన చాలును. పలకలతో చేసినదానికి దిక్కును కూడ చెప్పవలెను.

ఉపసంహారము

పై విచారణవలన తేలిన విషయములు ఇవి. రేణురూపము ఫలకముయొక్క బలమును నేరుగ నిర్ణయింపదు. పేర్పును, సందును, సంకోచమును, కణికల దిక్కును నిర్ణయించి, వాని ద్వారమున బలమును చేరును. గోళరూపము తనంతట తాను గుణము కాదు, పలకరూపము తనంతట తాను దోషము కాదు. పేర్పు సమముగ నున్నదా, లేదా యనునదియే విచార్యము. పారదర్శకతయు దార్ఢ్యమును ఒకే పొడినుండి పుట్టినను, అవి వేర్వేఱు దోషములకు జవాబు చెప్పుచున్నవి.

దీనినుండి పరిశోధకవిద్యార్థులకు రెండు కర్తవ్యములు ఏర్పడుచున్నవి. పొడిని వర్ణించునపుడు రేణువుల సగటు పరిమాణమును మాత్రము చెప్పి ఊరకుండరాదు. రేణురూపమును, ఉండల పరిమాణమును, అవి ఎంత యొత్తిడికి నలగుననునదియు చెప్పవలెను. ఫలకముయొక్క దార్ఢ్యమును గుఱించి వ్రాయునపుడు, వెలుగుకొలతను ప్రమాణముగ గ్రహింపక, తగినన్ని ఫలకములను విఱిచి చూడవలెను. విఱిగిన తలమున, పగులు పుట్టినచోటుచుట్టు అద్దమువలె నునుపైన చిన్నప్రాంత మొకటి కనబడును. దాని నడిమికి పోయి చూచినచో మూలదోషము సాధారణముగ దొరకును. అది నలగని ఉండయా, బోలు ఉండయొక్క ఖాళీయా, సంకోచపు నెఱ్ఱెయా, మెఱుగుపెట్టునపుడు పడిన గీతయా యని తేల్చినపుడే, దిద్దుబాటు పొడియొద్ద జరుగవలెనో, అచ్చుయొద్దనో, కొలిమియొద్దనో నిర్ణయించుటకు వీలుకలుగును. ఈ పరిశీలన చేయక, వెలుగు బాగుగ పోవుచున్నదని మాత్రము చెప్పి యొక గవాక్షమును బలమైనదిగా నంగీకరించుట, దాని వెనుక నిలుచువాని ప్రాణమును పరీక్షింపని యొక దోషముమీద నుంచుటయే యగును.